బీరపువ్వు వేళకు

బెంగళూరు నుంచి హిందూపురం వెళ్లే దారిలో యలహంక దాటి, మగ్గాల చప్పుడు వినిపించే దొడ్డబళ్లాపురం కూడా దాటాక, ఘాటి సుబ్రహ్మణ్యస్వామి గుడికి పోయే రోడ్డు పక్కన ఒక చిన్న పల్లెలో మా తోట ఇల్లు ఉంది. తోట అని గొప్పగా చెప్పుకుంటున్నాం గాని ఉన్నది ఇరవై గుంటల ఎర్రనేల. కర్ణాటకలో ఎకరానికి నలభై గుంటలు కాబట్టి అది అర ఎకరం. హిందూపురం బడిలో లెక్కల మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మా నాన్నగారు మాత్రం ఎవరు అడిగినా యాభై సెంట్లనే చెబుతారు. అమ్మా నాన్నా ఏడాది పొడవునా అక్కడే ఉంటారు. మేము నలుగురం యలహంకలో అపార్ట్‌మెంటులో ఉంటూ, శనివారం పొద్దున అక్కడికి చేరి ఆదివారం రాత్రికి తిరిగి వస్తాం. బడి సెలవులు వస్తే పిల్లలు అక్కడే ఉండిపోతారు, వాళ్ల వెనకే మేమూ నాలుగు రోజులు ఎక్కువ ఉంటాం.

అపార్ట్‌మెంటులో మా నలుగురి వేళలు ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలవవు. మా వారి ఆఫీసు అమెరికా వేళలతో నడుస్తుంది గనుక ఆయన మీటింగులు సాయంత్రం మొదలై రాత్రి దాకా సాగుతాయి. తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయికి బడి అయ్యాక ట్యూషను, చిన్నవాడికి కళ్లు నులుముకుంటూ ఎక్కవలసిన బడి బస్సు, నాకు బ్యాంకు. నలుగురం ఒకే వేళకు కూర్చుని అన్నం తినడం పండగ రోజుల్లో తప్ప కుదరదు. తోట ఇంటికి వెళ్తే మాత్రం ఎవరూ పిలవకుండానే, ఫలానా గంటకు ఫలానా చోట చేరాలని ఎవరూ చెప్పకుండానే, ఇద్దరమో ముగ్గురమో ఒక చోట కలుస్తాం. ఆ గంటలను నిర్ణయించేవి అక్కడి పూలు. ఏ మొక్క ఏ వేళకు పూస్తుందో తెలిసిన కొద్దీ మా ఇంట్లో వాళ్లు ఏ వేళకు ఎక్కడ ఉంటారో కూడా నాకు తెలిసిపోతోంది.

ఈ అలవాటును మొదట మాకు చేసింది బీరపాదు. నీళ్ల తొట్టి పక్కన నాన్న వేయించిన పందిరి మీద బీర, సొర, పొట్ల కలిసి అల్లుకున్నాయి. పగటిపూట ఆ పందిరి కింద నిలబడితే ఆకులు, నులితీగలు, వేలాడే కాయలు తప్ప చెప్పుకోదగ్గ పువ్వు ఒక్కటీ కనిపించదు. బీరపువ్వు సాయంత్రం అయిదు దాటాక గాని కదలదు. అప్పటిదాకా ఆకుపచ్చని రక్షకపత్రాల మధ్య పసుపు రంగు ముడిలా బిగుసుకుని ఉన్న మొగ్గ, ఎండ వాలి గోడ నీడ పందిరి మీదికి వచ్చేసరికి కొన దగ్గర కొంచెం సడలుతుంది. ముందు ఒక రేకు అంచు బయటికి వంగుతుంది, తర్వాత తక్కినవి ఒకదాని చుట్టూ ఒకటి వేసుకున్న మడతలు విప్పుకుంటూ విడివడతాయి. విచ్చుకున్న కొత్తలో అయిదు రేకులూ పెట్టెలోంచి అప్పుడే తీసిన చీరలా నలిగి ఉంటాయి. మనం మంచినీళ్లు తాగి వచ్చేలోగా ఆ ముడతలు పోయి, లేత పసుపు రంగు పువ్వు చీకటి పడుతున్న పందిరిలో దూరానికి కూడా కనిపించేటట్టు నిలబడుతుంది. మగపూలు గుత్తులుగా వస్తాయి, గుత్తిలో ఏ రోజుకు ఆ రోజు ఒకటో రెండో విచ్చుకుంటాయి. ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది, దాని కింద వేలెడంత బీరపిందె నిలువు గీతలతో సహా అప్పటికే తయారై ఉంటుంది.

మా వారు మొదట్లో ఫోను చెవికి ఆనించుకునే ఆ పందిరి కింద తిరిగేవారు. సెలవుల్లో అక్కడినుంచే పనిచేసేటప్పుడు మీటింగుకు ముందు దొరికే గంట ఆయనకు టీ తాగే గంట. ఒకనాడు టీ గ్లాసు పట్టుకుని పందిరి గుంజకు ఆనుకుని నిలబడి, ఎదురుగా ఉన్న మొగ్గ కళ్ల ముందే విచ్చుకుంటుంటే, టీ చల్లారేదాకా కదల్లేదు. అప్పటినుంచి ఆఫీసు క్యాలెండరులో అయిదున్నర నుంచి ఆరున్నర దాకా ఇంగ్లీషు అక్షరాల్లో ‘బీర’ అని రాసి పెట్టుకుంటున్నారు. అది చూసిన ఆయన పై అధికారి తనకు తోచిన అర్థం తీసుకుని, ‘రోజూనా?’ అని నెమ్మదిగా అడిగాడట. పెళ్లయిన ఇన్నేళ్లలో సాయంత్రం పూట మేమిద్దరం ఏ పనీ లేకుండా ఒక చోట నిలబడి మాట్లాడుకున్న గంటలు ఎక్కువగా ఆ పందిరి కిందవే.

బీర సాయంత్రమే ఎందుకు పూస్తుందంటే దాని చుట్టాలు రాత్రి తిరిగేవాళ్లు గనుక. చీకటి ముసిరే వేళకు చిమ్మటలు వస్తాయి. వాటిలో కొన్ని పువ్వు మీద వాలకుండా గాలిలోనే నిలిచి, పొడవైన తొండం చాపి తేనె తాగి పోతాయి. రాత్రి తిరిగే పురుగును పిలవాలంటే ఎర్రని రంగు పనికిరాదు. తెలుపో, లేత పసుపో కావాలి. అందుకే పక్కనే ఉన్న సొరపువ్వు తెల్లగా పూస్తుంది, ఆ పక్కన పొట్లపువ్వు అంచులంతా తెల్లని దారపు పోగులు వేలాడేసుకుని ఇంకా పొద్దుపోయాక విచ్చుకుంటుంది. బీర జాతికే చెందిన నేతిబీర మాత్రం తెల్లవారుజామున పూసి పగటి తేనెటీగలకు పని పెడుతుంది. రెంటి ఆకులు, తీగలు చూస్తే తేడా పట్టడం కష్టం గాని, వేళల్లో మాత్రం పొద్దుకూ మాపుకూ ఉన్నంత తేడా. ఇదంతా నేను చదివి తెలుసుకుని అమ్మకు చెప్పబోతే, ‘నేతిబీర పొద్దున్నే పూస్తుందని తెలియకనా అమ్మీ, దాన్ని కూడా వేయించమన్నాను? పొద్దున దేవుడికి కోసుకునే పూలు ఉండవూ?’ అంది.

స్వీడన్ దేశపు వృక్షశాస్త్రవేత్త లినేయస్, ఏ పువ్వు ఏ గంటకు విచ్చుకుని ఏ గంటకు ముడుచుకుంటుందో పట్టిక వేసి, పూలతోనే గడియారం తయారుచేయవచ్చని 1751లో రాశాడు. ఆయన పట్టిక ఆయన ఊరికే పనికొస్తుంది. అక్కడ వేసవిలో సూర్యుడు అస్తమించడానికే ఇష్టపడడు. మన బెంగళూరు భూమధ్యరేఖకు ఉత్తరంగా పదమూడో అక్షాంశం దగ్గర ఉంది గనుక, ఏడాదిలో అతి పెద్ద పగలు పదమూడు గంటలకు కొంచెం లోపు, అతి చిన్న పగలు పదకొండు గంటల పైచిలుకు. సూర్యాస్తమయం ఏడాది మొత్తానికి ఒక గంట అటూఇటూ జరుగుతుంది, అంతే. ఈ లెక్క చెప్పినప్పుడు నాన్న చాలా సంతోషించారు, ఎందుకంటే ఆయనకు సమయం విషయంలో పట్టింపు ఎక్కువ. రోజూ కీ ఇచ్చుకునే హెచ్‌ఎంటీ జనతా వాచీ ఇప్పటికీ ఆయన ఎడమ చేతికి ఉంటుంది. బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ 1961లో మొదలైంది. అదే హెచ్‌ఎంటీ వాళ్లు లాల్‌బాగ్‌లో పూలమొక్కల మధ్య తిరిగే పెద్ద ముళ్ల గడియారం కూడా పెట్టారు. మా చిన్నవాడిని తీసుకెళ్లి చూపిస్తే, ‘ఇందులో టైము చెప్పేది ముళ్లు కదా తాతా, పూలు చెప్పడం లేదు కదా’ అని పెదవి విరిచాడు.

ఆ మాట నిజమే గాని లాల్‌బాగ్‌ను అంత తేలిగ్గా కొట్టిపారేయకూడదు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన ఆ తోట బాధ్యతను 1908లో తీసుకున్న జర్మన్ నిపుణుడు క్రుంబిగల్, బెంగళూరు వీధుల్లో ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పూస్తూనే ఉండేటట్టు రకరకాల చెట్లు ఎంచి నాటించాలన్న ఆలోచనను ఇక్కడ అమల్లో పెట్టాడు. జకరందా రాలిపోయేసరికి గుల్‌మొహర్ అందుకోవడం మనకు అలవాటైపోయి దాన్ని ప్రకృతి లీల అనుకుంటాం గాని, దాని వెనక ఒక మనిషి లెక్క ఉంది. ఆయన నెలల లెక్క వేశాడు, మా ఇంట్లో గంటల లెక్క నడుస్తోంది.

గుమ్మడి వేళ మా అమ్మది, మా అమ్మాయిది. ఆదివారం తెల్లవారుతుండగానే ఇద్దరూ శాలువాలు కప్పుకుని పాదు దగ్గరికి పోతారు. యలహంకలో ఏడింటికి లేపితే అలిగే పిల్ల అక్కడ అవ్వ పిలవకముందే లేస్తుంది. గుమ్మడి పువ్వు సూర్యోదయానికి ముందే విచ్చుకుని పదిగంటలు దాటేసరికి ముడుచుకోవడం మొదలుపెడుతుంది. మధ్యాహ్నానికి దాని కథ ముగిసినట్టే. వాన తుంపర పడే రోజుల్లోనూ, చలి ఎక్కువగా ఉన్న రోజుల్లోనూ తేనెటీగలు అంత పొద్దున్నే రావు. అవి రాకపోతే పుప్పొడి అందని పిందె నాలుగు రోజులకు పసుపెక్కి రాలిపోతుంది. అందుకని ఆ పని వీళ్లిద్దరూ చేస్తారు. మగపువ్వును కాడతో సహా కోసి, రేకులు ఒలిచేసి, మధ్యన ఉన్న పుప్పొడి కాడను ఆడపువ్వు కీలాగ్రానికి మెత్తగా రుద్దాలి. మొదటిసారి అమ్మాయి ఏది మగది, ఏది ఆడది అని అడిగితే, ‘పువ్వు కింద చెయ్యి పెట్టి చూడు పాపా, కాయను ముందే పెట్టుకుని పూసేది ఆడది’ అని అవ్వ చెప్పింది. ఆ తర్వాత జీవశాస్త్రం పరీక్షలో పరాగ సంపర్కం గురించి రాయవలసి వచ్చినప్పుడు ఆ పిల్ల పుస్తకం తెరవలేదు. ఒలిచిన రేకులు వృథా పోవు. సెనగపిండిలో ముంచి అమ్మ వేసే బజ్జీలతోనే ఆదివారం టిఫిను మొదలవుతుంది.

పుప్పొడి రుద్దడానికి ఎంతసేపు కావాలి? పది నిమిషాలు చాలు. వాళ్లు గంటకు పైగా అక్కడే ఉంటారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తుంటే ఆ పిల్ల చేతులు తిప్పుతూ ఏదేదో చెబుతూ ఉంటుంది, అమ్మ పాదులో కలుపు తీస్తూ తల ఊపుతూ ఉంటుంది. లెక్కల ట్యూషను మానేసి తాత దగ్గరే నేర్చుకోవాలని ఆమెకు ఉందన్న సంగతి, స్నేహితురాలితో మాటలు లేవన్న సంగతి, ఇంకా చాలా సంగతులు ఆ గుమ్మడి పాదు దగ్గరినుంచే ఇంట్లోకి వచ్చాయి. నేను ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ‘ఏం లేదమ్మా’ అనే మాటే వచ్చేది. ఎదుటి మనిషి చేతులకు పని ఉండి, కళ్లు ఆకుల మీద ఉంటేనే ఆ వయసు పిల్లలు నోరు విప్పుతారని నాకు అనిపిస్తోంది.

నాన్నకూ చిన్నవాడికీ వేరుశనగ. హిందూపురం, కదిరి, అనంతపురం వైపు వాళ్లకు చెనిక్కాయ గురించి కొత్తగా చెప్పేదేముందని మీరు అనుకోవచ్చు. కానీ బెంగళూరులో పుట్టి పెరిగిన మా చిన్నవాడు, చిలగడదుంపలాగే అది కూడా వేరుకు ఊరుతుందని నమ్మేవాడు. నిజానికి వాడి వయసులో నేనూ అలాగే అనుకున్నాను, చేలు చుట్టూ ఉన్నా వంగి చూసినవాళ్లం కాము. తొలకరి పడగానే నాన్న తూర్పు వైపు రెండు మడుల్లో కదిరి రకం కె-6 విత్తనాలు వేశారు. నెల తిరిగేసరికి ఆకుల సందుల్లో పసుపు పూలు వచ్చాయి. పువ్వు పొద్దున్నే, సూర్యుడితో పాటు విచ్చుకుంటుంది. ఎండ ముదిరేసరికి వాడిపోతుంది. ఒక పువ్వు ఉన్న కణుపుకు నాన్న ఎర్రదారం కట్టి, ‘ఇది నీది. రోజూ పొద్దున చూడు’ అని మనవడికి అప్పగించారు. బడి ఉన్న రోజుల్లో తోటకు దూరంగా ఉన్నానని బాధపడి, వాడు వారం మధ్యలో తాతకు ఫోను చేసి చూసి చెప్పమని వేధించేవాడు.

మొదటి ఫోనులోనే, ‘పువ్వు వాడిపోయింది నాయనా’ అన్న మాట విని వాడి ముఖం చిన్నబోయింది. ‘అయితే అయిపోయినట్టేనా తాతా?’ అంటే, ‘ఇప్పుడే మొదలయింది’ అన్నారు నాన్న. పువ్వు రాలిన చోటనుంచి వారం రోజులకు సూదిమొన లాంటి ఒక కాడ బయటికి వచ్చి, కిందికి తిరిగి, నేల వైపు పెరగడం మొదలుపెడుతుంది. దాన్నే రైతులు ఊడ అంటారు. కొంచెం వంకాయ రంగు కలిసిన ఆ ఊడ కొనలోనే గింజ కావలసిన అండం ఉంటుంది. అది తనంతట తాను మట్టిని వెతుక్కుంటూ దిగి, రెండు అంగుళాల లోపలికి పోయి, అక్కడ అడ్డంగా తిరిగి కాయగా ఊరుతుంది. చిన్నవాడు శనివారం రాగానే చెప్పులైనా విడవకుండా మడి దగ్గరికి పరుగెత్తి, స్కేలు పెట్టి కొలిచి, నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకునేవాడు. ఊడ మొన నేలను తాకిన రోజున వాడు మడి పక్కన బోర్లా పడుకుని చూసిన తీరు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంది. గడ్డం మట్టిలో ఆనించి, ఊపిరి తగిలితే అది భయపడుతుందేమో అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

లెక్కల మాస్టారు గనుక నాన్న అక్కడితో ఆగలేదు. పక్క మొక్కకు వచ్చిన ఒక ఊడ కింద ప్లాస్టిక్ మూత పెట్టి మట్టి అందకుండా చేశారు. గాలిలో ఉండిపోయిన ఊడ కొన్నాళ్లు అలాగే ఉండి ఎండిపోయింది. చీకటి, మట్టి స్పర్శ రెండూ అందితేనే అది కాయగా ఊరుతుంది. ఊడలు దిగే రోజుల్లో నేల గుల్లగా ఉండాలని రైతులు మొదళ్లకు మట్టి ఎగదోయడం అందుకే. ఆ సమయంలో జిప్సం వేయడానికి కూడా కారణం ఉంది: కాయకు కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగం వేళ్ల నుంచి రాదు, చుట్టూ ఉన్న మట్టినుంచి కాయే నేరుగా పీల్చుకుంటుంది. మూడున్నర నెలలకు మొక్కలు పీకిన రోజున చిన్నవాడు తన దారం కోసం ఆకులన్నీ వెతికి, రంగు వెలిసి మట్టిగొట్టుకుపోయిన ఆ పోగును పట్టుకుని, అక్కడినుంచి ఊడ వెంట కిందికి దిగి రెండు గింజల కాయను బయటికి తీశాడు. తక్కినవన్నీ ఉడకబెట్టుకుని తిన్నాం. అది మాత్రం వాడి జామెట్రీ బాక్సులో ఉంది.

మధ్యాహ్నపు పూల గురించి ఎక్కువ చెప్పను. గడ్డిగులాబీలు తొమ్మిది దాటి ఎండ బాగా తగిలితే గాని విచ్చుకోవు, మబ్బు పట్టిన రోజున అసలు ముఖమే చూపించవు. బెండపువ్వు పొద్దున్నే పూసి మాపటికి వాలిపోతుంది. నాలుగు దాటాక చంద్రకాంత మొదలవుతుంది. మబ్బు రోజుల్లో అది తొందరపడుతుంది, అప్పుడు అమ్మ ‘అప్పుడే నాలుగైందా!’ అంటూ పడుకున్నది లేచి పొయ్యి వెలిగిస్తుంది. నాన్న వాచీ చూపించి ఇంకా మూడున్నరే అన్నా వినదు. ఆమె టీ ఆ పువ్వుతోనే.

పూలకు తోడు మాకు ఇంకొక వేళ ఉంది, అది కరెంటు వేళ. బోరు మోటారుకు త్రీఫేజు కరెంటు రోజంతా ఉండదు, ఇచ్చినప్పుడే తొట్టి నింపుకోవాలి. పక్క తోట ఆయన తన మోటారు వేయబోతూ గట్టు మీదినుంచి ‘మేష్ట్రే, కరెంటు వచ్చె!’ అని సగం కన్నడంలో, సగం తెలుగులో కేక పెడతాడు, అర్ధరాత్రి అయినా సరే నాన్న టార్చి తీసుకుని లేస్తారు. ఈ ప్రాంతంలో ఏడాది పొడవునా పారే నది లేదు, నందికొండల్లో పుట్టిన అర్కావతి కూడా ఇటు వైపు చాలా కాలం ఎండిపోయే కనిపిస్తుంది. బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగుతున్నాయి. అందుకని మా ఇంటి పైకప్పు మీద పడిన వాన తొట్టిలోకి వస్తుంది, వంటింటి నీళ్లు అరటిమొక్కలకు పోతాయి, పందిరి పాదులకు డ్రిప్పు గొట్టాలు ఉన్నాయి.

ఈ మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పాలి. వ్యవసాయం చేయనివారు కూడా సాగుభూమి కొనుక్కునే వీలు కల్పిస్తూ కర్ణాటక భూసంస్కరణల చట్టాన్ని 2020లో సవరించిన తర్వాత, మా చుట్టుపక్కల ప్రహరీలు, ఇనుప గేట్లు ఉన్న వారాంతపు ఇళ్లు చాలా వచ్చాయి. వాటిలో ఎక్కువ వాటికి రాగిచేను ఉన్న చోట పచ్చిక ఉంది, ఆ పచ్చిక మీద పగలంతా నీళ్లు చిమ్మే గొట్టాలు ఉన్నాయి. ఎవరి డబ్బు వారిది అనుకోవచ్చు గాని, నేల కింద నీళ్లకు ప్రహరీ గోడలు ఉండవు. పైగా నాకు అర్థం కానిది ఇంకొకటి: ఏ వేళకు చూసినా ఒకేలా ఉండే ఆ గడ్డి దగ్గరికి ఇంట్లోవాళ్లను పిలవడానికి ఏ కారణం దొరుకుతుంది? ఆ ఇళ్లలో పిల్లలు వరండాలో ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటే తల్లిదండ్రులు విసుక్కోవడం గోడ మీదుగా మాకు వినిపిస్తూనే ఉంటుంది.

అందరం కలిసి మేలుకునే పువ్వు బ్రహ్మకమలం. మన ఇళ్లలో కుండీల్లో పెంచే ఆ మొక్క మెక్సికో వైపునుంచి వచ్చిన కాక్టస్ జాతిది, హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలానికీ దీనికీ చుట్టరికం లేదు. ఈ సంగతి తెలిసినా అమ్మ దానికి హారతి ఇవ్వడం మానలేదు, మానమని ఎవరూ అనలేదు. వానాకాలం రాత్రుల్లో ఎనిమిది దాటాక మొగ్గ కదలడం మొదలై, అర్ధరాత్రికి అరచేయంత తెల్లని పువ్వు పూర్తిగా విచ్చుకుంటుంది, తెల్లవారేసరికి మెడ వాల్చేస్తుంది. పూసే రోజు మొగ్గ కాడ పైకి లేచి వంకీ తిరగడాన్ని బట్టి ముందే తెలుస్తుంది గనుక, పక్క తోట వాళ్లకు కబురు పోతుంది, వాళ్లు ఉడికించిన చెనిక్కాయలతో వస్తారు.

ఇక గంటలు కాకుండా కాలాన్ని లెక్కపెట్టే మొక్క ఒకటి ఉంది, అది అనప. హిందూపురం వాళ్లం అనపకాయలంటాం, ఇక్కడివాళ్లు అవరెకాయి అంటారు, రెండు వైపులా చలికాలం దానితోనే గడుస్తుంది. పాతకాలపు అనప రకాలు పగలు పొట్టిగా మారితే గాని పూయవు. జూన్‌లో వేసినా, జూలైలో వేసినా ఆకులు పెంచుకుంటూ కూర్చుని, పగలు కుదించుకుపోతోందని తెలిశాకే పూతకు వస్తాయి. అందుకే డిసెంబరు, జనవరుల్లో మంచు పడే రోజుల్లోనే ఆ కాయలు దొరుకుతాయి. కాయ చేతిలోకి తీసుకుంటే వేళ్లకు జిడ్డుగా అంటే వాసన ఉంటుంది, కొనేవాళ్లు ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తారు. గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటీ రెండు వేళ్ల మధ్య పితికితే పైతోలు చేతిలో ఉండి పప్పు పళ్లెంలోకి దూకుతుంది. ఆ పితికినపప్పుతో పులుసు, పక్కన రాగిసంగటి. శేరు గింజలు పితకాలంటే ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, అందుకని ఆ ఆదివారాలు మా ఆరుగురమూ హాలులో నేల మీద కూర్చుంటాం. పప్పు ఎవరి ముఖం మీదికి ఎగురుతుందో చెప్పలేం. మా వారు ఆ పనిలో అందరికంటే వేగం, ఆ విషయం ఆయనకు తెలుసు, మాకు గుర్తు చేస్తూనే ఉంటారు.

ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న తగువు కూడా దాని మీదే. పగటి పొడవుతో పనిలేకుండా ఏ కాలంలోనైనా పూసే అనప రకాన్ని, హెచ్‌ఏ-4ను, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేశారు. నాన్న దాని విత్తనాలు తెచ్చి వేసవిలో కూడా అనపగింజలు తినాలని నిశ్చయించుకున్నారు. చలిమంచు తగలని కాయకు ఆ వాసన రాదని అమ్మ వాదన. వాసన లేని కాయకు నీళ్లెందుకు, తొట్టిలో ఉన్నవి బీరకే చాలడం లేదు అంటుంది. నాన్న కాగితం మీద లీటర్ల లెక్క వేసి చూపించారు. అమ్మాయి అవ్వ వైపు, చిన్నవాడు తాత వైపు, మా వారు ఎటూ తేల్చకుండా పందిరి వైపు వెళ్లిపోయారు. చివరికి తొట్టి దగ్గర రెండు సాళ్లకు అమ్మ ఒప్పుకుంది. ఆ కాయలను నాన్నే కోసి, నాన్నే ఒలిచి, నాన్నే పితుక్కోవాలన్నది ఆమె పెట్టిన షరతు. ఉగాది దాటాక మొలకలు వచ్చాయి, ఆకుల వెనక పేనుబంక కూడా వచ్చింది. నాన్న రోజూ పొద్దున వేపనూనె కలిపిన నీళ్లు చల్లుతున్నారు, సాళ్ల మధ్యకు తాను రానని చెప్పిన అమ్మ, గట్టు మీద నిలబడి ఏ ఆకు వెనక ఇంకా మిగిలిందో చూపిస్తోంది.